ఖర్చుల్లో లేని మనిషి

మరిది రెండు రోజుల వ్యాపార శిక్షణకు వెళ్ళి తిరిగొచ్చిన నాడే తన నెత్తిన శని కూర్చుందని పెద్దకోడలు అంటుండేది. కోపంలో అంటున్న మాటలే అని వినేవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. కోపంలో అన్న మాటే, కాదనడం లేదు. కోపంలో అన్నంత మాత్రాన అబద్ధమైపోతుందా?

వాళ్ళది ఇంటి సామాన్ల కొట్టు. వీధి వైపు చిల్లర, వెనక గోడౌన్లో టోకు. బకెట్లు, మగ్గులు, చాపలు, చీపుళ్ళు, సబ్బుపెట్టెలు, డబ్బాలు, ఆ డబ్బాల నుంచి విడిపోయి ఎక్కడెక్కడో తిరిగే మూతలు. చుట్టుపక్కల చిన్న కొట్లవాళ్ళంతా డజన్ల లెక్కన అక్కడే కొనుక్కెళ్ళేవాళ్ళు. మామగారు పెట్టిన కొట్టు అది. ఆయన పోయాక పెద్దకొడుకు ఊళ్ళు తిరిగి సరుకు తేవడం, బాకీలు వసూలు చేయడం చూసుకున్నాడు. చిన్నకొడుకు గల్లా దగ్గర కూర్చుని లెక్కలు చూసుకున్నాడు. పెద్దకోడలు మిగతావి చూసుకుంది. మిగతావి అంటే ఏమిటని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. చిన్నకోడలికి ఆఫీసులో ఉద్యోగం. ఆమె జీతం ఆమె ఖాతాలో పడేది, ఆ మాట చెప్పుకునేటప్పుడు అత్తగారి గొంతులో కాస్త గర్వం కూడా పలికేది.

శిక్షణలో మరిదికి ఒక సంచీ, ఒక పెన్ను ఉచితంగా ఇచ్చారు. ఉచితంగా వచ్చేవాటి మీద అతనికి మక్కువ అక్కడే పుట్టిందో ఏమో. మర్నాడు పొద్దున్నే గల్లా ముందు నిలబడి అందరికీ పాఠం చెప్పాడు.

"లాభం పెరగాలంటే రెండే దారులు. ఒకటి అమ్మకం పెంచడం. అది కొనేవాడి చేతిలో ఉంది. రెండోది ఖర్చు తగ్గించడం. అది మన చేతుల్లోనే ఉంది."

మన చేతులు అంటున్నప్పుడు అతని చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

నిజం చెప్పుకోవాలి కాబట్టి చెప్పుకుందాం, మొదట్లో అతను చేసినవి మంచి పనులే. సగం ఖాళీగా వచ్చే లారీకి పూర్తి బాడుగ ఇవ్వడం మానేసి, పక్క వీధి వ్యాపారితో కలిసి ఒకే బండి మాట్లాడాడు. గోడౌన్లో ఓ మూల కారుతుంటే ఏటేటా చాపలు కుళ్ళిపోయేవి. ఆ కప్పు బాగు చేయించాడు. ఎవరూ కొనని ముదురు రంగు బకెట్లు మళ్ళీ మళ్ళీ తెప్పించే అలవాటు మాన్పించాడు. అన్నగారు కూడా తమ్ముడి బుర్రను మెచ్చుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి కథే లేదు.

ఆగలేదు. బండి అయింది, కప్పు అయింది, పాత సరుకు అయింది. తగ్గించడం రుచి మరిగినవాడికి ఇంకా తగ్గించాలనిపిస్తుంది. ఇక మిగిలింది మనుషులు.

ముందుగా ఊడ్చే ఆవిడ పోయింది. "రెండు గదులు ఊడవడానికి ప్రత్యేకం మనిషెందుకు? వదిన ఉందిగా," అన్నాడు మరిది. ఆ తర్వాత సరుకు దింపించుకుని లెక్క చూసుకునే గుమాస్తా పోయాడు. "వదిన ఎలాగూ పొద్దున్నే వచ్చేస్తుంది, వదిన ఉందిగా." ఆ తర్వాత బకెట్లూ మగ్గులూ డజన్లుగా పేర్చి కట్టలు కట్టే మనిషి పోయాడు. మళ్ళీ అదే మాట. వదిన ఉందిగా. ఆ మాట వినీ వినీ ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఉన్నాను, నిజమే. ఉండటమే నేను చేసిన తప్పా అనుకునేది.

పురికొస కొనడం కూడా ఆపించేశాడు. వచ్చిన అట్టపెట్టెల మీద ఉన్న పురికొసనే విప్పి దాచిపెట్టి మళ్ళీ వాడాలి. విప్పేది ఎవరో చెప్పక్కర్లేదు. లారీలో తడిసి ఎండి బిగిసిపోయిన ముళ్ళు అవి. కత్తెర పెడితే పురికొస పొట్టిదైపోతుందని కత్తెర పెట్టనిచ్చేవాడు కాదు. విప్పి విప్పి ఆమె గోళ్ళు చిట్లిపోయేవి. పురికొస ఉండ ధర ఎంతో ఆమెకు బాగా తెలుసు. ఆమె గోళ్ళ ధర ఎంతో మరిదికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనా లేదు.

చివరికి కౌంటరు దగ్గర చిల్లర అమ్మే అమ్మాయి వంతు వచ్చింది. ఆ పిల్ల ఆ కొట్లో చాలా ఏళ్ళ నుంచి చేస్తోంది. నవ్వు మొహం, చురుకైన నోరు. వెళ్ళిపోయే రోజు తన టిఫిను డబ్బా, గొడుగు తీసుకుని, పెద్దకోడలి ముందుకు వచ్చి నిలబడింది. ఓదారుద్దామని పెద్దకోడలు చెయ్యి చాచబోతే వెనక్కి జరిగింది.

"నా పని కూడా నువ్వే చేస్తున్నావంట గదక్కా," అంది.

"నేనేం చేయను? వాళ్ళు నా మెడకు చుట్టారు."

"నువ్వు ఊరికే చేస్తుంటే మాకెవరిస్తారక్కా జీతం?"

అంతే. ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయింది. చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. ఎందుకంటే ఆ మాట నిజం. పెద్దకోడలికి ఆ పిల్ల మీద కోపం వచ్చింది, మరిది మీద వచ్చింది, ఊళ్ళు పట్టుకు తిరిగే మొగుడి మీద వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా తన మీద తనకే వచ్చింది. కోపం వచ్చినా కౌంటరు దగ్గర మనుషులు నిలబడి ఉన్నారు. కళ్ళు తుడుచుకుని వెళ్ళి వాళ్ళకి మగ్గులు చూపించింది.

ఆ తర్వాత ఆమె బతుకు ఎలా సాగిందంటే, పొద్దున లారీ దగ్గర నిలబడి పెట్టెలు లెక్క పెట్టుకునేది. లెక్క తేలగానే చీపురు పట్టేది. ఊడ్చిన చీపురు మూలన పెట్టేలోపు చిల్లర బేరాలు మొదలయ్యేవి. బేరాలు ఆగిన కాసేపూ కట్టలు కట్టేది. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన బకెట్లను, కింది దాని అంచు మీద కాలు పెట్టి, పై దాన్ని తిప్పుతూ లాగి విడదీసేది. మధ్యాహ్నం అన్నం గోడౌన్లో పెట్టె మీద కూర్చుని, ఒక చెవి కౌంటరు వైపు వేసి తినేది. గల్లా దగ్గర మరిది కాలు మీద కాలు వేసుకుని, "వదినా, బేరం వచ్చింది," అని కేకేసేవాడు. లేచి వెళ్ళడానికి అతనికేమైనా కాళ్ళు నొప్పా అంటే, కాదు. అతను చేస్తున్నది నిర్వహణ.

ఏడాది తిరిగేసరికి లెక్కలు చూశారు. ఇంటి ముందు గదిలో అందరినీ కూర్చోబెట్టి మరిది చదివాడు. పోయినేటి మీద ఖర్చులు మూడో వంతు తగ్గాయి. వీధిలో అందరికంటే ధరలు తగ్గించి అమ్మినా లాభం దాదాపు రెట్టింపయింది. అత్తగారు కళ్ళు ఒత్తుకుంటూ, "మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడురా," అంది. అన్న తమ్ముడి భుజం తట్టాడు. అందరికీ టీ ఇస్తూ పెద్దకోడలు ఆ మాటలన్నీ వింది. ఆ టీ కూడా ఆమే పెట్టింది. తన పేరు వస్తుందేమోనని, సిగ్గు విడిచి చెప్పాలంటే, చివరిదాకా ఎదురు చూసింది. రాలేదు.

లాభం చూసుకున్న మనిషికి కళ్ళు నెత్తికెక్కాయి. ఇంత లాభం వచ్చే కొట్టు ఒకటే ఎందుకు ఉండాలి? కొత్తగా ఇళ్ళు కడుతున్న వైపు రెండో కొట్టు తెరిచాడు. సరుకు అదే, బోర్డు అదే, ధరలు అవే. "మన ధరే మన బలం," అన్నాడు. అంత తక్కువకి అమ్ముతుంటే జనం ఎగబడకేం చేస్తారు, ఎగబడ్డారు. అమ్మకాలకి లోటు లేదు. అయినా నెల తిరిగేసరికి నష్టం. మర్నెల ఇంకా ఎక్కువ నష్టం. అమ్మినకొద్దీ నష్టం.

మరిదికి నిద్ర కరువైంది. దొంగతనం జరుగుతోందేమోనని కెమెరా పెట్టించాడు. ఏమీ దొరకలేదు. అద్దె ఎక్కువేమో అనుకున్నాడు. పాత కొట్టు అద్దెతో పోలిస్తే అదే తక్కువ. బోర్డు రంగు మార్పించాడు. పాత కొట్లో ఉన్నవన్నీ అక్కడ ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే, అక్కడ వదిన లేదు. అందుకని ఊడ్చడానికి ఒకరిని, సరుకు దింపించుకోవడానికి ఒకరిని, కట్టలు కట్టడానికి ఒకరిని, కౌంటరు దగ్గర ఒకరిని జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఇక్కడ ఎంతమందిని తీసేశాడో అక్కడ అంతమందినీ పెట్టుకున్నాడన్న మాట. ఆ లెక్క మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఒకరోజు వాళ్ళందరినీ నిలబెట్టి చెడామడా తిట్టాడట. "మీరు నలుగురూ కలిసి మా వదిన ఒక్కతీ చేసే పని చేయలేకపోతున్నారు," అన్నాడట. నష్టానికి కారణం ఏమిటో తన నోటితోనే చెప్పాడు. తన చెవులతో వినలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను ముందు గదిలో అందరినీ మళ్ళీ కూర్చోబెట్టాడు.

"కొత్త కొట్లో మనుషుల్ని మార్చేస్తాను. మధ్యాహ్నం దాకా వదిన ఇక్కడ చూసుకుంటుంది. ఆ తర్వాత అక్కడికి వచ్చేస్తే, అక్కడ ఇద్దరు ముగ్గురిని తీసేయొచ్చు," అన్నాడు. అడగడం కాదు, చెప్పడమే. బండికి ఇంకో చక్రం తగిలించే మనిషిలా చెప్పాడు.

పెద్దకోడలు ఎంగిలి పళ్ళేలు తీస్తోంది. అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళేలు తీసినవి తీసినట్టే మళ్ళీ కింద పెట్టేసింది.

"నన్ను సగానికి కోసి పంపుతావా బాబూ?"

"అదేం మాట వదినా. సొంత మనిషివి కాబట్టి అడుగుతున్నాను."

"సరే, వస్తాను. నాకు జీతం రాయి."

మరిది నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు.

"వేళాకోళం కాదు. ఊడ్చే ఆవిడ జీతం ఖర్చుల్లో రాశావు. కౌంటరు పిల్ల జీతం రాశావు. వాళ్ళని తీసేసి ఆ ఖర్చు తగ్గిందన్నావు. ఆ పనులు తగ్గలేదు, నా మీదకి వచ్చాయి. నన్ను కూడా ఖర్చుల్లో రాయి."

"ఇంట్లో మనిషికి జీతమేంటి వదినా? నలుగురు వింటే నవ్వుతారు. ఈ కొట్టు నీది కాదా?"

"నాదా? కాగితాల్లో ఎవరి పేరుంది?"

కాగితాల్లో అన్నదమ్ముల పేర్లున్నాయని అందరికీ తెలుసు. అప్పుడు అత్తగారు అందుకుంది. ఆవిడ గొంతు పెంచదు. పెంచాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

"అమ్మాయ్, నేను చేయలేదా ఆ కొట్లో ముప్పై ఏళ్ళు? చంటిపిల్లల్ని చంకనేసుకుని చేశాను. ఎప్పుడైనా మీ మామగారిని నాకింత ఇవ్వమని అడిగానా? ఇంటి ఆడది అలా అడుగుతుందా?"

పెద్దకోడలు మొగుడి వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఆ నేల ఆమె ఊడ్చిందే, చూసుకోవడానికి అక్కడేమీ లేదు. ఆమెకి ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే చోటంతా కోపం ఆక్రమించేసుకుంది.

మర్నాడు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ మొగుడు గొణిగాడు. "నువ్వు అడిగిందాంట్లో తప్పు లేదు. కానీ..."

"తప్పు లేదన్న మాట నిన్న ఆ గదిలో అనాల్సింది," అంది ఆమె. "ఇక్కడ నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలియదా?"

ఆ రోజు ఆమె కొట్టు దాకా ఎప్పటిలాగే నడిచింది. కొట్టు మెట్లు మాత్రం ఎక్కలేదు. వీధి దాటి ఎదురుగా ఉన్న కొట్లోకి వెళ్ళింది.

అది కూడా ఇంటి సామాన్ల కొట్టే. ఆ కొట్టాయన పెద్దవాడు, ఎప్పుడూ తనలో తనే లెక్కలు గొణుక్కుంటుంటాడని వీధిలో అందరూ ఆయన్ని గొణుగుడాయన అంటారు. ఎదురెదురు కొట్లు కాబట్టి రెండిళ్ళ మధ్యా పలకరింపులు తప్ప రాకపోకలు లేవు. ఆమెని చూసి ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏమ్మా, చిల్లర కావాలా?"

"పని కావాలి బాబాయ్ గారూ. కౌంటరు దగ్గర పెట్టుకుంటారా?"

ఆయన వీధి అవతల కొట్టు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఇదేమైనా ఎత్తా అని ఆయన అనుమానం మొహంలోనే కనిపించింది.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పాలనిపిస్తేనే చెప్పు. మీ కొట్లో ఆ ధరలకి ఎలా ఇస్తున్నారమ్మా? ఏడాదిగా గింజుకుంటున్నాను. నేను కొనే చోటే మీరూ కొంటారు. బాడుగ తగ్గించుకున్నాను, కరెంటు తగ్గించుకున్నాను. అయినా ఆ ధరకి రాలేకపోతున్నాను. మీకు సరుకు వేరే ఎక్కడైనా దొరుకుతోందా?"

"లేదండీ. నేను ఊరికే చేస్తున్నాను. అంతే."

గొణుగుడాయన నోరు కాసేపు కదిలింది. లోపల ఏదో లెక్క కట్టుకుంటున్నాడు. కట్టుకోవడం అయ్యాక పెద్దగా నిట్టూర్చాడు. ఏడాది పాటు తన తెలివి తక్కువేమోనని బాధపడ్డ మనిషి ఆయన.

"ఎంత ఇమ్మంటావు?" అని అడిగాడు.

ఆమె వీధి అవతలికి చూసింది. ఎదురు కొట్లో ఉన్న ప్రతి వస్తువు ధరా నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. టోకు ధర, చిల్లర ధర, తెలిసినవాళ్ళ ధర, మొండిగా బేరమాడేవాళ్ళకి చెప్పే ధర. తన ధర మాత్రం ఎప్పుడూ ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు కదా అనుకునేసరికి ఆమెకు మళ్ళీ మండింది. ఆ మంటలోనే లెక్క తేలింది. కొత్త కొట్లో ఆ నలుగురికీ మరిది ఇస్తున్న జీతాలు కలిపి చెప్పింది.

"అమ్మో, ఒక్క మనిషికి అంత ఎక్కడ ఇవ్వగలను తల్లీ."

"అయితే ఒక్క పనికే ఇవ్వండి. ఒక్క పనే చేస్తాను."

ఆయన ఒప్పుకున్నాడు.

ఒక్క పని చేయడం ఎంత కష్టమో ఆమెకు ఆ రోజు తెలిసింది. బేరం లేనప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. నేల మీద దుమ్ము కనిపిస్తే చీపురు కోసం చూసింది. ఊడ్చే ఆవిడ వచ్చి, "జరగమ్మా," అంది. గోడౌన్లోంచి కట్టలు కట్టే చప్పుడు వినిపిస్తే లేవబోయి మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం అన్నం తింటుంటే ఎవరూ పిలవలేదు. అన్నం వేడిగా ఉందని చాలా రోజుల తర్వాత గమనించింది. ఇంతకాలం ఇది కూడా లేకుండా చేశారు కదా అని చేతిలో ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. కొందరికి కోపం తగ్గడానికి విశ్రాంతి కావాలి. ఆమెకు విశ్రాంతి దొరికాక కోపం ఇంకా పెరిగింది.

వీధి అవతల ఏం జరుగుతోందో చూడకూడదనుకుంటూనే చూసింది. మొదటి రోజు మరిది, "రెండు రోజుల్లో తిక్క దిగుతుంది," అని అందరికీ చెప్పాడు. మర్నాడు ఎవరో డజను బకెట్లు అడిగితే ఒకదాంట్లోంచి ఒకటి ఊడదీయలేక, దొంతరను దొంతరగా ఎత్తి నేలకేసి బాదాడు. లారీ వచ్చి వీధిలో అడ్డంగా నిలబడితే దింపించుకునే మనిషి లేక మొగుడు చొక్కా చేతులు మడిచి తనే పెట్టెలు మోశాడు. ఆయన నడుం పట్టుకుని నిలబడటం చూసి ఆమెకు జాలి వేసింది. జాలి వెనకాలే, నా నడుం నొప్పి ఈయనకి ఎన్నడైనా కనిపించిందా అని కోపమూ వచ్చింది. ఇంటికి వెళ్ళాక వంట చేసింది, పెట్టింది. ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లోవాళ్ళూ బింకంగానే ఉన్నారు. పాత కొట్లోకి మళ్ళీ కొత్తగా ఇద్దరిని జీతాలకి పెట్టుకోవాల్సి వచ్చాక ఆ బింకం సడలింది.

ఒక సాయంత్రం మరిది వీధి దాటి వచ్చాడు. ఒంటరిగా రాలేదు, వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎంత పెద్ద గొడవైనా ఆవిడ వచ్చి నిలబడితే సర్దుకుంటుందని ఆ ఇంట్లో నమ్మకం. అత్తగారు మెట్లెక్కి ఆయాసంతో కౌంటరు చెక్క పట్టుకుని నిలబడింది. గొణుగుడాయన మర్యాదగా లేచి లోపలికి తప్పుకున్నాడు.

"పద వదినా ఇంటికి. వీధి వీధంతా మన మొహాన నవ్వుతోంది," అన్నాడు మరిది.

"పని వేళ ఇంకా అవలేదు బాబూ. నీకేమైనా కావాలా? చాపలు కొత్తవి వచ్చాయి."

"ఇక చాలు వదినా. సరే, నీ మాటే కానీ. జీతం రాస్తాను."

"ఎంత?"

"కొత్త కొట్లో ఊడ్చే ఆవిడకి ఎంత ఇస్తున్నానో అంత."

"అది ఊడ్చినందుకు. మరి కౌంటరుకి? కట్టలు కట్టినందుకు? సరుకు దింపించుకున్నందుకు?"

"ఒక్క మనిషికి అన్నీ విడివిడిగా ఎలా ఇస్తాం?"

"అక్కడ విడివిడిగానే ఇస్తున్నావుగా. చేసేది ఒకరైతే పనులు తగ్గిపోతాయా?"

మరిది జేబులోంచి ఫోను తీసి లెక్క కట్టాడు. నెలకి కట్టాడు, ఏడాదికి కట్టాడు. అతని మొహం మాడిపోయింది. మళ్ళీ మొదటి నుంచి కట్టాడు. లెక్క మారలేదు.

"అలా రాస్తే మన కొట్లో లాభమే మిగలదు వదినా," అన్నాడు నీళ్ళు నములుతూ. "పైగా నష్టం వస్తుంది."

"కొత్తగా రావడమేంటి? ఎప్పుడూ ఉన్నదే. ఆ నష్టం నాకు వచ్చింది, అందుకని నీకు కనబడలేదు. ఆ రోజు అందరినీ కూర్చోబెట్టి లాభమని చదివావే, అది లాభం కాదు. అది నా జీతం. నా జీతం తీసుకెళ్ళి రెండో కొట్టు పెట్టావు. అక్కడ ఊరికే చేసేవాళ్ళు లేకపోయేసరికి మునిగిపోయావు. నీకు వ్యాపారం తెలుసనుకున్నావు. నీకు తెలిసింది నేనొక్కదాన్నే."

ఆమె గొంతు వీధిలోకి వినబడుతోంది. బయట ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుంది. మరిది తెల్లమొహం వేసుకుని తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వన్నా చెప్పు."

అత్తగారు కౌంటరు వెనక నిలబడ్డ కోడలిని కింద నుంచి పై దాకా చూసింది. ఇక తిట్లు మొదలవుతాయని పెద్దకోడలు పళ్ళు బిగించుకుని సిద్ధంగా ఉంది. ఈసారి ఊరుకునేది లేదనుకుంది.

"ఇక్కడ నీకు నిజంగానే ఇస్తున్నారా అమ్మాయ్?" అంది అత్తగారు.

"ఇస్తున్నారు అత్తయ్యా. వారం వారం."

"ఎవరి చేతికి?"

"నా చేతికే."

ఆవిడ తల ఊపింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. ఆ ముఖంలో అలాంటి కోపాన్ని పెద్దకోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా చూడలేదు.

"ఒరే, మీ నాన్న ఆ కొట్టు పెట్టినప్పుడు ఊడ్చింది ఎవర్రా?"

"నువ్వే అమ్మా. ఇప్పుడెందుకవన్నీ?"

"సరుకు దింపించుకున్నది?"

"నువ్వే."

"కట్టలు కట్టింది?"

మరిది వీధిలో ఆగినవాళ్ళ వైపు చూశాడు.

"ఏటేటా మీ నాన్న లెక్కలు చూసుకుని, ఈ ఏడు ఇంత మిగిల్చానే అని మీసం దువ్వుకునేవాడు. నేను పొంగిపోయి ఊళ్ళో అందరికీ చెప్పుకునేదాన్ని, మా ఆయన ఎంత సమర్థుడో అని." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. గొంతు ఎప్పుడూ పెంచని మనిషి గొంతు పెంచింది. "దీని జీతం అంత తేలింది కదా. నాదెంతో కూడా కట్టు."

"అమ్మా, పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ముప్పై ఏళ్ళది. ఫోను చేతిలోనే ఉందిగా. కట్టరా."

పెద్దకోడలు కౌంటరు వెనక నుంచి స్టూలు తెచ్చి అత్తగారికి వేసింది. ఆవిడ వీధి వైపు తిరిగి, ఎదురుగా ఉన్న తమ కొట్టుని చూస్తూ కూర్చుంది.